పాత బైక్ ఇంజన్ విప్పారా? క్రాంక్ బేరింగ్ క్లియరెన్స్ కొలవకుండా మళ్లీ బిగించకండి

పాత ఇంజన్ విప్పగానే చాలామంది చేసే మొదటి పని కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడటం. టకటక కొడితే బేరింగ్ పోయింది, కొట్టకపోతే బాగుంది అని తేల్చేస్తారు. కొడితే పోయిందన్న మాట నిజమే, కానీ కొట్టనంత మాత్రాన బాగున్నట్టు కాదు. షెల్‌కీ (బేరింగ్‌గా పనిచేసే పలచటి అరవలయం ముక్క) పిన్‌కీ (రాడ్ పట్టుకుని తిరిగే క్రాంక్ భాగం) మధ్య మిగిలిపోయిన చిక్కటి ఆయిల్ ఆ కాస్త ఆటను, అంటే వదులు కదలికను, చేతికి తెలియనివ్వదు. అరుగుదల ఒక పక్కే ఉంటే మీరు లాగిన దిశలో టైటుగానే అనిపిస్తుంది. అందుకే కొలవాలి, కొలిచి కాగితం మీద రాసుకోవాలి.

అసలు క్లియరెన్స్ అనే ఇంత చిన్న ఖాళీకి అంత పట్టింపు ఎందుకంటే, బాల్స్, రోలర్లు లేని ప్లెయిన్ బేరింగ్‌లో షాఫ్ట్ నిలబడేది లోహం మీద కాదు, తిరుగుతూ తను లోపలికి లాక్కునే ఆయిల్ పొర మీద. ఖాళీ మరీ తక్కువైతే ఆయిల్ సరిగా పారదు, వేడెక్కి షెల్ పూత కరిగి అంటుకుపోతుంది. ఎక్కువైతే ఆయిల్ పక్కల నుంచి కారిపోతుంది. ఆ కారడం కూడా ఖాళీతో పాటు మామూలుగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. ప్రెషర్, ఆయిల్ చిక్కదనం మారకపోయినా ఖాళీ రెట్టింపైతే కారే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లు. వేడి మీద ఐడిల్‌లో ప్రెషర్ పడిపోయే ఇంజన్లలో ఆయిల్ పంప్ మార్చీ మార్చీ విసిగిపోతుంటారు గానీ, పంప్ ఇచ్చిన ఆయిల్ అంతా ఎక్కడ పోతోందో చూడరు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. క్లియరెన్స్ అనేది మీరు నేరుగా కొలిచే అంకె కాదు, రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా. 41 మి.మీ. పిన్, 41 మి.మీ. చిల్లర బోర్ (పిన్ తిరిగే రంధ్రం), వాటి మధ్య 0.04 మి.మీ. రెండు కొలతల్లోనూ చెరో 0.01 తప్పు వచ్చినా మీ జవాబు సగానికి సగం తప్పు. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం చాదస్తంలా అనిపించొచ్చు, కారణం మాత్రం ఇదే.

ముందు మీ ఇంజన్‌లో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి

పాత బైకుల్లో క్రాంక్ అంతా ఒకేలా ఉండదు. ట్రయంఫ్ 650 లాంటి బ్రిటిష్ ట్విన్స్‌లో బిగ్ ఎండ్‌కి (రాడ్ క్రాంక్ పిన్‌ని పట్టుకునే పెద్ద చివర) షెల్స్ ఉంటాయి, మెయిన్స్ (క్రాంక్‌ని కేస్‌లో మోసే బేరింగులు) మాత్రం బాల్ లేదా రోలర్ బేరింగులు. బీఎస్ఏ ఏ10, ఏ65లలో బిగ్ ఎండ్ షెల్సే, కానీ టైమింగ్ గేర్లు ఉండే వైపు మెయిన్ ఒక ప్లెయిన్ బుష్, అంటే గొట్టంలాంటి బేరింగ్. హోండా సీబీ750లో మెయిన్స్, బిగ్ ఎండ్స్ అన్నీ షెల్సే. అదే కాలానికి చెందిన కవాసాకి జెడ్1, కాస్త తర్వాత వచ్చిన సుజుకి జీఎస్750లలో క్రాంక్ ముక్కలుగా ప్రెస్ చేసి కట్టినది, అన్నీ రోలర్లే. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో బిగ్ ఎండ్ ఒక ఫ్లోటింగ్ బుష్, అంటే బుష్ లోపల ఒక ఖాళీ, బయట ఒక ఖాళీ, రెండూ చూడాల్సిందే.

షెల్స్ ఉన్నవాటికి మైక్రోమీటర్, బోర్ గేజ్, ప్లాస్టిగేజ్ (నలిగి ఖాళీ చూపించే మైనపు దారం) పనికొస్తాయి. రోలర్లకి ప్లాస్టిగేజ్ పెట్టే చోటే లేదు, వాటి పద్ధతి వేరు, చివర్లో చెబుతాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం షెల్స్ గురించే, ఎందుకంటే కొలతల్లో తప్పులు జరిగేది అక్కడే.

పనిముట్లు

25–50 మి.మీ. బయటి మైక్రోమీటర్, 0.001 మి.మీ. వరకు చదవగలిగితే మంచిది, 0.01 గీతలున్నదాన్ని జాగ్రత్తగా వాడినా పని జరుగుతుంది. దానితో వచ్చే 25 మి.మీ. స్టాండర్డ్ ముక్కని పారేయకండి, సున్నా సరిచూసుకునేది దానితోనే. లోపలి కొలతకి డయల్ బోర్ గేజ్. అది లేనివాళ్లు టెలిస్కోపిక్ గేజ్ వాడతారు, దాంతోనూ కొలవొచ్చు కానీ అంతా చేతి స్పర్శ మీద ఆధారపడుతుంది. ఒకే చోట మూడుసార్లు కొలిచినప్పుడు మూడూ 0.005 లోపల కలవకపోతే ఆ అంకెని నమ్మొద్దు. ఇవి కాక టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, మాగ్నెటిక్ స్టాండ్‌తో డయల్ గేజ్, ఒక జత వీ-బ్లాకులు, ప్లాస్టిగేజ్.

వెర్నియర్ కాలిపర్ ఈ పనికి పనికిరాదు. మంచి కాలిపర్ కూడా 0.02 మి.మీ. అటూ ఇటూ చెబుతుంది, మీరు వెతికే ఖాళీయే 0.04. డిజిటల్ డిస్‌ప్లేలో రెండు దశాంశాలు కనబడతాయి కదా అని మోసపోకండి.

ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ కూడా పనిముట్టే. ఏ సంవత్సరం మోడల్‌కి రాసిందో చూసుకోండి, ఒకే పేరున్న ఇంజన్‌లో మధ్యలో బోల్టులూ టార్కులూ మారిన సందర్భాలు చాలా. బ్రిటిష్ మాన్యువల్స్ అంగుళాల్లో మాట్లాడతాయి. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ. ఏదో ఒక లెక్కలోనే మొదటి నుంచి చివరిదాకా ఉండండి, మధ్యలో మార్చితే దశాంశం జారిపోతుంది.

విప్పేటప్పుడు: పాత షెల్స్ పారేయకముందే చదవండి

ఏ క్యాప్ (రాడ్ పెద్ద చివర విడిగా వచ్చే సగం) ఏ రాడ్‌ది, ఎటువైపు తిరిగి ఉంది అన్నది విప్పకముందే గుర్తు పెట్టుకోండి. రాడ్, క్యాప్ కలిపి బిగించి బోర్ చేస్తారు కాబట్టి క్యాప్ మారినా, తిరగబడినా ఆ బోర్ ఇక గుండ్రం కాదు. గుర్తు కోసం పంచ్‌తో కొట్టేస్తుంటారు, నేనైతే ముఖ్యంగా అల్యూమినియం రాడ్ల మీద దాన్ని ఒప్పుకోను, గాటు పడిన చోటే పగులు మొదలవుతుంది. పెయింట్ మార్కర్ చాలు. పాత షెల్స్‌ని ఏ రాడ్‌వి, పై సగమా కింది సగమా అని రాసి విడివిడి కవర్లలో వేయండి.

తర్వాత వెలుతురులో పెట్టి ఒక్కోదాన్నీ చూడండి. ఆరోగ్యంగా అరిగిన షెల్ మీద మసక బూడిద రంగు సమానంగా ఉంటుంది, ఎక్కువ భారం పడే మధ్య భాగంలో కాస్త మెరుపు ఉంటుంది. పై పూత అరిగి లోపలి రాగి రంగు పెద్ద మచ్చగా బయటపడితే ఆ షెల్ పని అయిపోయింది. చుట్టూ సన్నటి గీతలుంటే ఆయిల్‌లో మురికి తిరిగింది. గోరుకి తగిలే గీత అయితే పిన్ మీద దాని జోడీ గీత ఎక్కడుందో వెతకండి. చిన్న చిన్న పెచ్చులు ఊడి గుంటలు పడితే లోహం అలసిపోయింది. ఒక అంచునే మెరుస్తూ రెండో అంచు కొత్తదానిలా ఉంటే మాత్రం ఆగండి. రాడ్ వంగి ఉండొచ్చు, లేదా పిన్ ఒకవైపు సన్నబడి ఉండొచ్చు. దాని కారణం తేల్చకుండా కొత్త షెల్ వేస్తే అది కూడా అలాగే పోతుంది. షెల్ వీపు కూడా తిప్పి చూడండి. నల్లటి మరకలు, రాపిడి గుర్తులు ఉంటే షెల్ దాని గూట్లో కదిలిందని, అంటే పట్టు చాలలేదని అర్థం.

శుభ్రం, ముఖ్యంగా స్లడ్జ్ ట్రాప్

పాత బ్రిటిష్ ట్విన్స్‌లో మెష్ జాలీ తప్ప సరైన ఫిల్టర్ ఉండదు. అందుకే క్రాంక్ లోపలే ఒక గొట్టం పెట్టారు, స్లడ్జ్ ట్రాప్ అంటే అదే. క్రాంక్ గిర్రున తిరుగుతుంటే ఆయిల్‌లోని బరువైన మురికి ఆ గొట్టం గోడకి చేరి పేరుకుపోతుంది. ఏళ్ల తరబడి పేరుకున్నది గట్టి నల్లటి మైనంలా తయారవుతుంది. ఆ గొట్టం నిండితే మురికి నేరుగా బిగ్ ఎండ్‌కి వెళ్తుంది, లేదా ఆయిల్ దారే మూసుకుపోతుంది. ఎంత అందంగా కొలిచి బిగించినా ఇది తీయకపోతే ఆ పనంతా వృథా.

ట్రాప్ మూతకి ఉన్న ప్లగ్ చుట్టూ లోహాన్ని పంచ్‌తో నొక్కి లాక్ చేసి ఉంటారు. ముందు ఆ నొక్కిన లోహాన్ని చిన్న డ్రిల్‌తో తీసేయండి, క్రాంక్‌ని కాస్త వేడి చేయండి, తర్వాత ప్లగ్ గాడిలో సరిగ్గా కూర్చునే బిట్‌తో ఇంపాక్ట్ డ్రైవర్ వేయండి. బలవంతం చేస్తే గాడి చెడిపోయి పని పదింతలవుతుంది. ట్రయంఫ్‌లో గొట్టాన్ని కదలకుండా పట్టుకునేది ఫ్లైవీల్ బోల్టుల్లో ఒకటి. ముందు ఆ బోల్ట్ తీయకుండా గొట్టం లాగితే రాదు. గొట్టం బయటికి వచ్చాక క్రాంక్‌లోని ప్రతి ఆయిల్ రంధ్రంలోనూ బ్రష్ దూర్చి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టండి. ఒక రంధ్రంలో కొట్టిన గాలి రెండో చివర బలంగా రావాలి.

కడిగిన భాగాలన్నీ ఒకే గదిలో, మైక్రోమీటర్‌తో సహా ఒక రాత్రి వదిలేయండి. కొలతలకి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్, కానీ సరిగ్గా అంత ఉండటం కన్నా అన్నీ ఒకే వేడిలో ఉండటం ముఖ్యం. 40 మి.మీ. స్టీల్ పిన్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.005 మి.మీ. పెరుగుతుంది, అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. ఎండలో పెట్టి ఆరబెట్టిన రాడ్‌ని వెంటనే కొలిస్తే మీరు కొలిచేది ఎండని.

జర్నల్ (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగం) కొలవడం

మైక్రోమీటర్ మూతులు రెండూ మధ్యలో శుభ్రమైన కాగితం పెట్టి లాగి తుడవండి. 25 మి.మీ. స్టాండర్డ్ పెట్టి సున్నా చూడండి. సున్నా తేడా ఉంటే సరిచేయండి, లేదా ఎంత తేడానో కాగితం పైన రాసుకోండి. పిన్ మీద ఆయిల్ ఉండకూడదు.

మైక్రోమీటర్ ఫ్రేమ్‌ని గట్టిగా గుప్పిట్లో పట్టుకోకండి, చేతి వేడికి అది కూడా పెరుగుతుంది. పిన్ మీద పెట్టి, రాచెట్ రెండు మూడు క్లిక్‌లు కొట్టేదాకా తిప్పి, అటూ ఇటూ కొద్దిగా ఊపి అతి పెద్ద వ్యాసం దగ్గర ఆగిందని నిర్ధారించుకోండి. ఊపుతున్నప్పుడు మూతులు పిన్‌ని ఒరుసుకుంటూ జారే ఆ సన్నటి పట్టు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. చేయి అలవాటయ్యేదాకా ఒకే చోట పదే పదే కొలవండి. అంకెలు ఒకేచోట కుదురుకున్నాకే అసలు పని మొదలుపెట్టండి.

ప్రతి పిన్ మీదా పొడవులో రెండు చోట్ల, ఎడమ అంచుకి కాస్త లోపల, కుడి అంచుకి కాస్త లోపల కొలవండి. ప్రతి చోటా కనీసం రెండు దిశల్లో, ఒకటి క్రాంక్ వెబ్ (పిన్‌ని పట్టుకుని ఉండే క్రాంక్ చేయి) దిశలో, ఒకటి దానికి అడ్డంగా. కుదిరితే మధ్యలో మూడో దిశ కూడా. ఆయిల్ రంధ్రం అంచు మీద, చివరి గుండ్రటి మూల మీద మైక్రోమీటర్ ఆనకూడదు. ఒకే చోట రెండు దిశల మధ్య తేడా ఓవాలిటీ, ఒకే దిశలో రెండు అంచుల మధ్య తేడా టేపర్. పాత క్రాంకుల్లో టేపర్ కన్నా ఓవాలిటీయే ఎక్కువ కనబడుతుంది, ఎందుకంటే భారం పిన్ చుట్టూ సమానంగా పడదు. మీరు ఒకే దిశలో కొలిచి వదిలేస్తే అది మీకు దొరక్కపోవచ్చు.

బోర్ కొలవడం

ముందు షెల్స్ లేకుండా రాడ్, క్యాప్ బిగించి పెద్ద బోర్ గుండ్రంగా ఉందో లేదో చూడండి. చాలాకాలం గట్టిగా తిరిగిన రాడ్ల బోర్ నిలువుగా సాగి ఉంటుంది. సాగిన రాడ్‌లో ఎంత మంచి షెల్ వేసినా అది ఆ ఆకారమే తీసుకుంటుంది. మాన్యువల్ హద్దు దాటితే రాడ్‌ని సైజింగ్‌కి పంపాలి, లేదా మార్చాలి.

తర్వాత షెల్స్ వేయండి. షెల్ వీపు, రాడ్ గూడు పొడిగా ఉండాలి, అక్కడ ఆయిల్ చుక్క కూడా వద్దు. షెల్ మీద ఉండే చిన్న నాలుక దాని గాడిలో కూర్చోవాలి, ఆయిల్ రంధ్రం రాడ్ రంధ్రంతో కలవాలి. కూర్చోబెట్టాక షెల్ అంచు జాయింట్ కన్నా లేశమంత పైకి కనబడుతుంది. అది తప్పు కాదు, కావాలనే అలా చేస్తారు. క్యాప్ బిగించినప్పుడు ఆ లేశమే షెల్‌ని గూటికి నొక్కి పట్టి ఉంచుతుంది. దాన్ని ఫైల్‌తో రాసి సమం చేసే మహానుభావులు ఉన్నారు, పని చెడగొట్టడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. అలాగే లూజుగా ఉందని క్యాప్ జాయింట్‌ని రాయకండి, షెల్ వెనక కాగితమో రేకో పెట్టకండి.

క్యాప్‌ని మాన్యువల్ చెప్పిన టార్క్‌కి రెండు మూడు దఫాలుగా బిగించండి. బోల్ట్ మరలకి ఆయిల్ పెట్టాలా పొడిగా ఉండాలా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే చేయండి, ఆయిల్ వేస్తే అదే టార్క్‌కి బోల్ట్ ఎక్కువ సాగుతుంది. కొన్ని ఇంజన్లకి టార్క్ కాకుండా బోల్ట్ ఎంత సాగాలో ఇస్తారు, అక్కడ మైక్రోమీటర్‌తో బోల్ట్ పొడవే కొలవాలి. కొలత కోసం పాత బోల్టులు వాడి, చివరి బిగింపుకి కొత్తవి వేయడం మంచి అలవాటు. కానీ కొలతకీ పూర్తి టార్కే. చేత్తో బిగించి కొలిచిన బోర్ అసలు బోర్ కాదు.

ఇప్పుడు అసలు కిటుకు. పిన్ కొలిచిన మైక్రోమీటర్‌నే ఆ పిన్ అంకె దగ్గర పెట్టి లాక్ చేయండి. దాని మూతుల మధ్య బోర్ గేజ్ పెట్టి, ఊపి, ముల్లు వెనక్కి తిరిగే చోట డయల్ సున్నా చేయండి. ఇప్పుడు బోర్ గేజ్‌ని రాడ్‌లో పెట్టి, ముందుకీ వెనక్కీ ఊపి, ముల్లు తిరిగే చోట చదవండి. ముల్లు చూపించేదే క్లియరెన్స్. మైక్రోమీటర్‌లో 0.005 తప్పున్నా అది రెండు వైపులా పడి కొట్టేసుకుపోతుంది. తీసివేత లెక్క మీరు చేయక్కర్లేదు. రెండు వేర్వేరు మైక్రోమీటర్లతో పిన్ ఒకదాంతో, గేజ్ ఇంకోదాంతో కొలిస్తే ఈ లాభం పోతుంది.

బోర్‌ని జాయింట్ గీతకి అడ్డంగా, అంటే రాడ్ పొడవు దిశలో చదవండి. షెల్ మధ్యలో మందంగా, జాయింట్ దగ్గర పలచగా చేసి ఉంటుంది. జాయింట్ దిశలో కొలిస్తే ఖాళీ ఎక్కువ కనబడుతుంది. అది చూసి షెల్ ఓవల్ అయిపోయిందని కంగారు పడక్కర్లేదు.

ఒక లెక్క చూద్దాం. ట్రయంఫ్ 650 బిగ్ ఎండ్ పిన్ కొత్తగా ఉన్నప్పుడు 1.6235 నుంచి 1.6240 అంగుళాలు, అంటే 41.237–41.250 మి.మీ. కొత్త క్లియరెన్స్ 0.0005 నుంచి 0.0020 అంగుళాలు, అంటే 0.013–0.051 మి.మీ. అనుకుందాం, మీ పిన్ ఒక దిశలో 41.24, అడ్డంగా 41.21 వచ్చింది. కొత్త షెల్స్ వేసి బిగించిన బోర్ 41.28. మొదటి దిశలో క్లియరెన్స్ 0.04, శుభ్రంగా హద్దులో ఉంది. రెండో దిశలో 0.07, హద్దు దాటిపోయింది. పిన్ ఓవాలిటీ 0.03. కొత్త షెల్స్ వేశాం కదా సరిపోతుందిలే అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అరిగింది షెల్ ఒక్కటే కాదు. ఈ పిన్‌కి గ్రైండింగ్ తప్ప దారి లేదు, తర్వాతి మెట్టు 0.010 అంగుళం అండర్‌సైజ్, అంటే 1.6135–1.6140.

ప్లాస్టిగేజ్: రెండో సాక్షి

ప్లాస్టిగేజ్ అంటే కచ్చితమైన మందంతో చేసిన మెత్తటి మైనపు దారం. పిన్ మీద పెట్టి క్యాప్ బిగిస్తే నలిగి వెడల్పవుతుంది, ఎంత వెడల్పైందో కవర్ మీది స్కేల్‌తో పోల్చి ఖాళీ చెబుతారు. ఎక్కువ నలిగితే ఖాళీ తక్కువ. ఆకుపచ్చ రంగుది 0.025–0.076 మి.మీ. ఖాళీలకి, ఎరుపు 0.051–0.152కి, నీలం 0.102–0.229కి. బైక్ షెల్స్‌కి దాదాపు ఎప్పుడూ ఆకుపచ్చే. పాతబడి ఎండిపోయిన దారం గట్టిపడి తప్పు చెబుతుంది, తాజాది కొనండి.

పిన్, షెల్ రెండింటి మీదా ఆయిల్ పూర్తిగా తుడవండి, ఆ దారం ఆయిల్‌లో కరుగుతుంది. పిన్ పొడవునా ఒక ముక్క, ఆయిల్ రంధ్రం తగలకుండా పెట్టండి. క్యాప్ నిదానంగా దించి, పూర్తి టార్క్‌కి బిగించి, వెంటనే విప్పండి. మధ్యలో రాడ్ గానీ క్రాంక్ గానీ వెంట్రుకవాసి తిరిగినా దారం పూసుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. రాడ్‌ని ఎవరైనా కదలకుండా పట్టుకుంటే సుఖం.

బరువు ఎటు వాలుతోందో కూడా చూడండి. క్రాంక్ బరువు దారం మీదే పడితే దారం అదనంగా నలిగి ఖాళీ తక్కువ చూపిస్తుంది. సీబీ750 లాంటి వాటిలో మెయిన్స్ కొలిచేటప్పుడు పై కేస్‌ని బల్ల మీద తిరగేసి, క్రాంక్‌ని అందులో పడుకోబెట్టి, ప్రతి జర్నల్ పైభాగాన దారం పెట్టి, కింది కేస్ మూసి, బోల్టులు మాన్యువల్ వరుసలో బిగించాలి. ఆ పని చేసేటప్పుడు కామ్ చైన్, రాడ్లు లేకపోతే క్రాంక్ కుదురుగా ఉంటుంది.

నలిగిన గీత ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే అది టేపర్. ప్లాస్టిగేజ్ చెప్పలేనిది ఓవాలిటీ, అది పెట్టిన చోటే చదువుతుంది. కాబట్టి పిన్‌ని పావు వంతు తిప్పి, కొత్త ముక్కతో మళ్లీ చేయండి. ప్లాస్టిగేజ్ ఒక్కటే చాలని చాలామంది అంటారు. నా లెక్కలో అది సరిచూసుకోవడానికే. బోర్ గేజ్ 0.04 చెప్పి, దారం కూడా 0.038కి 0.05కి మధ్య చెబితే నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. ఒకటి 0.04, ఇంకోటి 0.07 అంటే రెంటిలో ఒకటి తప్పు, అది తేలేదాకా బిగించకండి. ఎక్కువసార్లు కారణం షెల్ వెనక ఇరుక్కున్న నలుసో, గాడిలో కూర్చోని నాలుకో అయి ఉంటుంది.

అంకెలు చేతికొచ్చాక

మాన్యువల్ దొరికితే దాని అంకెలే చివరి మాట. అది ఏమీ చెప్పని చోట మెకానిక్‌లు వాడే లెక్క, పిన్ వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 40 మి.మీ. పిన్‌కి 0.04. ఇది మొదటి అంచనాకే. కొత్త ఇంజన్ కొలతకీ సర్వీస్ లిమిట్‌కీ తేడా కూడా గమనించండి. సర్వీస్ లిమిట్ అంటే ఆ అంకె దగ్గర మార్చేయాలని, అంతదాకా బాగుందని కాదు. ఇంజన్ అంతా విప్పి ఉన్నప్పుడు లిమిట్‌కి సగం థౌ దూరంలో ఉన్నదాన్ని అలాగే మూసేయడం పిసినారితనం.

పిన్ గుండ్రంగా ఉండి పైపైన సన్నటి గీతలే ఉంటే పాలిష్ సరిపోతుంది. కానీ పాలిష్‌తో ఓవాలిటీ పోదు. గ్రైండింగ్‌కి పంపాల్సి వస్తే ముందు ఆ సైజు షెల్స్ నిజంగా దొరుకుతున్నాయో చూసి, కొని, చేతిలో పెట్టుకుని పంపండి. రాడ్లు, షెల్స్, క్రాంక్ మూడూ కలిపి ఇచ్చి, షెల్స్‌తో బిగించిన బోర్ ఎంతో కొలిచి దానికి తగ్గ ఖాళీ వచ్చేలా పిన్ దించమనండి. డబ్బా మీద రాసిన సైజుని నమ్మి గ్రైండ్ చేస్తే షెల్ మందంలోని తేడా మీ నెత్తిన పడుతుంది. పిన్ వెబ్‌ని కలిసే మూలలో గుండ్రటి వంపు ఉండాలని గట్టిగా చెప్పండి. అక్కడ చతురస్రంగా కోస్తే క్రాంక్ సరిగ్గా ఆ మూలలోనే విరుగుతుంది. నైట్రైడింగ్ చేసిన (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరచిన) క్రాంక్ అయితే ఆ గట్టి పొర చాలా పలచన, గ్రైండ్ చేశాక మళ్లీ చేయించాలా అని అడగండి. తిరిగి వచ్చాక ఆయిల్ రంధ్రాలన్నీ మళ్లీ కడగాలి, గ్రైండింగ్ పొడి అంతా అక్కడే చేరుతుంది. స్లడ్జ్ ట్రాప్ గొట్టం అప్పుడే వేయండి, ముందు కాదు.

జపనీస్ ఇంజన్ల దారి వేరు. వాటిలో చాలావాటికి అండర్‌సైజ్ షెల్స్ కంపెనీయే ఇవ్వలేదు. క్రాంక్ మీద, రాడ్ల మీద, కేస్ మీద అక్షరాలూ అంకెలూ ఉంటాయి, వాటిని మాన్యువల్ పట్టికలో కలిపితే షెల్ రంగు వస్తుంది, ఒక్కో రంగుకి ఒక్కో మందం. ఆ గుర్తులు ఫ్యాక్టరీలో కొత్తగా ఉన్నప్పటివని మర్చిపోకండి. యాభై ఏళ్లు తిరిగిన పిన్‌కి అక్షరం కాదు, మీ మైక్రోమీటర్ చెప్పిందే లెక్క. ఒక మెట్టు మందమైన రంగు వేసి ఖాళీని దారికి తేవడం మామూలు పద్ధతే, వేశాక మళ్లీ కొలిస్తే చాలు.

బీఎస్ఏ టైమింగ్ బుష్

దీనికి విడిగా చెప్పాల్సిందే. బిగ్ ఎండ్‌కి వెళ్లే ఆయిల్ ఈ బుష్ గుండానే క్రాంక్‌లోకి వెళ్తుంది. బుష్ అరిగితే ఆయిల్ అక్కడే బయటికి పోయి, బాగున్న బిగ్ ఎండ్ కూడా ఆకలితో చస్తుంది. కాబట్టి బిగ్ ఎండ్ కొలిచి ఇది కొలవకపోవడం అర్థం లేని పని. బుష్ కేస్‌లో ఉండగానే బోర్ గేజ్‌తో కొలవండి. కొత్తది వేస్తే కేస్ రెండు సగాలూ బిగించి, ఎదుటి బేరింగ్‌ని ఆధారం చేసుకుని ఒకే గీతలో బోర్ చేయించాలి. చేతి రీమర్‌తో అంచనాగా చేసిన బుష్ వంకరగా వస్తుంది.

రోలర్లు, బాల్ బేరింగులు

రోలర్ బిగ్ ఎండ్‌ని కిరోసిన్‌తో ఆయిల్ చుక్క మిగలకుండా కడిగి ఆరబెట్టండి. పిన్ పైన ఉండేలా పెట్టి రాడ్‌ని నిలువుగా లాగి నొక్కండి. చేతికి తెలిసే ఆట ఏమాత్రం ఉన్నా అది పోయినట్టే. డయల్ గేజ్ పెట్టి అంకె తీసుకుని మాన్యువల్‌తో పోల్చండి. రాడ్ పై చివర పక్కలకి కాస్త ఊగడం మామూలే, దాన్ని నిలువు ఆటతో కలిపి కంగారు పడకండి. నెమ్మదిగా తిప్పుతుంటే ఎక్కడైనా గరగర తగిలితే రోలర్ దారి మీద గుంట పడిందని అర్థం.

ప్రెస్ చేసి కట్టిన క్రాంక్‌లో ఇంకో జబ్బు ఉంది, ముక్కలు ఒకదానిమీద ఒకటి కాస్త మెలి తిరగడం. వీ-బ్లాకుల మీద క్రాంక్ పెట్టి, రెండు చివర్లా డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడండి. ముల్లు మాన్యువల్ హద్దు దాటి కదిలితే దాన్ని సరిచేయడం ప్రెస్, అనుభవం రెండూ ఉన్నవాళ్ల పని.

బాల్ మెయిన్ బేరింగులు కొనేటప్పుడు నంబర్ చివర సీ3 ఉందో లేదో చూడండి. షాఫ్ట్ మీద టైటుగా ఎక్కినప్పుడు, వేడి కేస్‌లో కూర్చున్నప్పుడు లోపలి ఖాళీ తగ్గుతుంది కాబట్టి ముందే కొంచెం ఎక్కువ ఖాళీతో చేసినవి అవి. 30 నుంచి 40 మి.మీ. బోర్ ఉన్న బాల్ బేరింగ్‌కి మామూలు ఖాళీ 0.006–0.020, సీ3కి 0.015–0.033 మి.మీ. మాన్యువల్ సీ3 అడిగిన చోట మామూలుది వేస్తే బిగించాక బిరుసుగా తిరుగుతుంది.

పక్క ఆటలు

రాడ్ పక్కకీ క్రాంక్ వెబ్‌కీ మధ్య ఖాళీ ఫీలర్ గేజ్‌తో, క్రాంక్ అటూ ఇటూ జరిగే ఎండ్ ఫ్లోట్ డయల్ గేజ్‌తో. రెండోదానికి కేస్ పూర్తిగా బిగించి, షాఫ్ట్ చివర గేజ్ ఆనించి, క్రాంక్‌ని ఒకవైపు పూర్తిగా నెట్టి సున్నా చేసి, రెండో వైపు లాగి చదవాలి. షిమ్‌లతో సర్దే ఇంజన్లలో షిమ్ ఎటు వైపు వేయాలో మాన్యువల్‌లో చూడండి, తప్పు వైపు వేస్తే ప్రైమరీ చైన్ లైన్ తప్పుతుంది.

బిగించడం

అంతా కలిశాక షెల్ ముఖాలకి, పిన్లకి అసెంబ్లీ ల్యూబ్ లేదా ఇంజన్ ఆయిల్ ధారాళంగా పట్టించండి, వీపులు మాత్రం పొడిగానే. ఒక్కో క్యాప్ పూర్తి టార్క్‌కి బిగించిన వెంటనే క్రాంక్‌ని చేత్తో తిప్పండి. అన్నీ బిగించాక తిప్పితే ఏది పట్టేసిందో తెలుసుకోవడానికి అన్నీ విప్పాలి. ఒక క్యాప్ తర్వాత హఠాత్తుగా బిరుసైతే అక్కడే ఆగి విప్పి చూడండి. నాలుగైదు తిప్పులకి అదే వదులవుతుందిలే అని వదిలేయకండి.

కేస్ మూసేముందు క్రాంక్ ఆయిల్ దారిలోకి సిరంజితో ఆయిల్ ఎక్కించండి, పిన్ పక్కల నుంచి ఆయిల్ బయటికి ఊరేదాకా. ఇంజన్ ఫ్రేమ్‌లో ఎక్కాక స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ కదిలేదాకా, లేదా డ్రై సంప్ (ఆయిల్ విడి ట్యాంక్‌లో ఉండే ఇంజన్) అయితే ట్యాంక్‌లో రిటర్న్ ఆయిల్ పడేదాకా కిక్ కొట్టి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి. మొదటిసారి బాగా వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ ఎంత, రోడ్డు మీద వేగంలో ఎంత అన్నది చూసి, క్లియరెన్స్ అంకెలు రాసిన కాగితం మీదే ఆయిల్ గ్రేడ్‌తో సహా రాసి పెట్టండి. రెండేళ్ల తర్వాత ప్రెషర్ తగ్గిందనిపిస్తే ఎంత తగ్గిందో పోల్చడానికి మీ దగ్గర ఉండేది ఆ కాగితమే.